తీగల్లేని టవరు

దెయ్యం మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ముందు ఆ మాట రాయి లాస్యా, మిగతాది తర్వాత. మా వీధిలో పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితే గాలి సోకిందని తాయెత్తు కోసం పరిగెత్తేవాళ్ళున్నారు. నేను మాత్రం నా పిల్లల్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని. మా ఆయన పోయాక కూడా పొలంలో కాయల కాపలాకి ఒక్కదాన్నే పడుకున్నాను. శ్మశానం పక్క డొంకలోంచి ఏళ్ళ తరబడి నడిచాను. నాకున్న భయాలు రెండే. పాము, అకాల వాన.

అలాంటిదాన్ని, ఇప్పుడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకి చేతిలో పని ఆపేసి చెవి పొలం వైపు పెడుతున్నాను. ఎందుకో చెప్తాను. చదివేవాళ్ళు నమ్మితే నమ్మండి, లేకపోతే ముసలమ్మ సోది అనుకోండి. తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు చెప్పడం వరకే నా పని. నా కళ్ళు ఆనవు కాబట్టి నేను చెప్తుంటే నా మనవరాలు లాస్య రాస్తోంది. తొమ్మిదో తరగతి. దస్తూరీ బాగుంటుంది గానీ నా మాటలు సరిచెయ్యబోతుంది, వద్దంటున్నాను.

మాది గుంటూరు నుంచి ప్రకాశం జిల్లా వైపు పోయే దారిలో, మెయిన్ రోడ్డుకి లోపలగా ఉన్న ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మాకు వేరే ధ్యాస లేదు. ఊరు దాటగానే ఉన్న మా చేలో హైటెన్షన్ లైను టవరు ఒకటి ఉంది. నా కొడుకు శ్రీను పుట్టకముందు వేశారు. దాని నాలుగు కాళ్ళ మధ్య ట్రాక్టరు తిరగదు, చుట్టూ దుక్కి కుదరదు. అందుకని ఆ పక్కన నేల గట్టిగా అలికి, మిరపకాయలు ఎండబోసే కల్లం చేసుకున్నాం.

పట్నం వాళ్ళకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. చెట్టు నుంచి కోసిన పండు మిరపకాయ కల్లంలో రోజుల తరబడి ఎండాలి. సగం ఎండిన కాయ మీద ఒక్క జల్లు పడిందా, రంగు పోయి తెల్లబడిపోతుంది. దాన్ని తాలు కాయ అంటాం. తాలు చూస్తే గుంటూరు మిరప యార్డులో వ్యాపారి మొహం తిప్పుకుంటాడు. అందుకని మాకు మాఘం నుంచి చైత్రం దాకా ఒక కన్ను కాయల మీద, ఒక కన్ను ఆకాశం మీద ఉంటుంది.

కన్ను కంటే మాకు చెవి ఎక్కువ పనిచేసింది. ఎలాగంటే ఆ హైటెన్షన్ తీగల వల్ల.

మామూలు రోజుల్లో అవి సన్నగా జుమ్మంటుండేవి. గాలిలో చెమ్మ చేరిందంటే ఆ చప్పుడు మారిపోయేది. కాగిన నూనెలో తడిచెయ్యి విదిలిస్తే చిటపటమంటుంది చూశారా, అలా మొదలై, తర్వాత సన్నగా, ఎడతెగకుండా స్‌స్‌స్ మని. మంచు పట్టిన తెల్లవారుజామున అలాగే ఉండేది, వాన రాబోయే ముందు అలాగే ఉండేది. మబ్బు ఇంకా చేల అవతల ఉండగానే తీగలకి తెలిసిపోయేది.

ఆ చప్పుడు కనిపెట్టింది మా వదిన రాజ్యం. మా ఆయన అక్కగారు. చిన్న వయసులో భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, చివరిదాకా మా దగ్గరే ఉండిపోయింది. కల్లం పక్క రేకుల షెడ్డు ముందు నులక మంచం వేసుకుని కూర్చోవడం ఆమె పని. కూర్చున్న చోటి నుంచే అందరికీ పని చెప్పేది. తీగ చప్పుడు మారగానే కేక పెట్టేది. "తీగ కాగుతోంది, లేవండే" అని. ఆ మాట వినబడితే అన్నం కంచాలు వదిలేసి లేచేవాళ్ళం.

లేచాక వరస కూడా ఆమె పెట్టిందే. ముందు పిల్లల్ని షెడ్డులోకి, ఆ తర్వాతే కాయల్ని కుప్ప చేసి పట్టాలు కప్పడం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో శ్రీనుని గట్టు మీద వదిలేసి కాయల వైపు పరిగెత్తితే వీపు మీద ఒక్కటిచ్చింది. కాయ తడిస్తే మళ్ళీ పండుతుంది, పిల్లాడు తడిస్తే దగ్గు నీ అబ్బ తగ్గిస్తాడా అంది. ఆ వరస మా చేతులకి అలవాటైపోయింది. కూలికి వచ్చే ఆడవాళ్ళకి కూడా. తీగ కాగితే ఆలోచన ఉండదు, చేతులే లేచిపోతాయి.

లైను పని మొదలవడానికి ముందు ఏడాది వానల్లో వదిన పోయింది. పెద్ద వయసు. ఎక్కువ బాధ పడలేదు. జరగాల్సినవన్నీ లోటు లేకుండా జరిపించాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆమెకేదో తీరని కోరిక మిగిలిపోయిందని తర్వాత ఊళ్ళో కొందరు అన్నారు. అదేం లేదు. ఉన్న ఒక్క కోరికా కాఫీలో చక్కెర. డాక్టరు వద్దన్నా అది ఆఖరి రోజు దాకా మానలేదు.

ఆ మరుసటి వేసవికి ముందు పంచాయతీ ఆఫీసు దగ్గర కరెంటు వాళ్ళు మీటింగు పెట్టారు. కరెంటు వాడకం బాగా పెరిగిపోయిందట, ఈ పాత తీగలు మోయలేకపోతున్నాయట. గుంటూరు చుట్టూ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు, చీమకుర్తిలో రాయి కోసే మిషన్లు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పైగా ఇంటింటికీ ఏసీలు. అందుకని ఈ లైనులో కరెంటు తీసేసి, పాత తీగలు దించి, టవర్ల చేతులు బలమైనవి బిగించి, ఎక్కువ కరెంటు మోసే కొత్త తీగలు లాగుతారని చెప్పారు.

మా కూలీల ముఠాకి పెద్ద మస్తాన్‌బీ. నోరున్న మనిషి. మా మోటార్లకి ఓల్టేజీ చాలదు గానీ మా నెత్తి మీంచి పోయేదానికి ఇంకా బలం కావాలా సారూ అని అడిగేసింది. అందరూ నవ్వారు. వచ్చినాయన కూడా నవ్వాడు, మీ సబ్‌స్టేషనుకి వచ్చేది కూడా ఇందులోంచేనమ్మా అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్ళకి పొలాలు ఆరి బండి నడిచే కాలం కావాలి. మాకు కాయలు ఎండే కాలం కావాలి. రెండూ ఒకటే కాలం. కరెంటు తీసేస్తే తీగ ఎలా కాగుతుంది? వాన వచ్చేది నాకెవరు చెప్తారు? ఆ మాట బయటికి అంటే నవ్వుతారని అనలేదు.

తీగలు దించిన రోజు నాకు బాగా గుర్తుంది. కరెంటు తీసినప్పుడే చప్పుడు పోయింది. ఇంట్లో గోడగడియారం ఆగిపోతేనే గదా ఇన్నాళ్ళూ అది కొట్టుకుంటోందని తెలిసేది, అలా అనిపించింది. తర్వాత తీగలు కూడా దిగిపోయి, మా టవరు ఒక్కటే చేలో మోడులాగా నిలబడింది.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. నిమిషానికోసారి కొంగు నెత్తిన కప్పుకుని ఆకాశం చూడటమే. శ్రీను ఫోనులో చూసి చెప్పేవాడు, మండలంలో అక్కడక్కడ జల్లులు అని. ఆ అక్కడక్కడ ఎక్కడో ఫోను చెప్పదు. నేను ప్రతి మబ్బుకీ పట్టాలు కప్పించాను. కప్పిన కాయకి కింద చెమట పట్టింది, మళ్ళీ విప్పి ఆరబోశాం. ఆడవాళ్ళు విసుక్కున్నారు. అమ్మకి ఆ టవరు మీద బెంగ పట్టుకుంది అన్నాడు శ్రీను. నిజమే, పట్టుకుంది.

మిగతా వాళ్ళకి మాత్రం టవరు మీద భయం పోయింది. కరెంటు ఉన్న రోజుల్లో దాని కాలు ముట్టుకోవాలంటే మాకు గుండె దడ. పిల్లలు అటు పోతే కేకలేసేవాళ్ళం. కరెంటు తీసేశారు అనగానే దాని ఇనుముకి టిఫిన్ డబ్బాలు తగిలించారు, తువ్వాళ్ళు ఆరేశారు, దాని నీడన కాళ్ళు చాపుకుని తాలు ఏరుకున్నారు. మాకు తెలిసిన ప్రమాదం కరెంటు ఒక్కటే. కరెంటు లేని టవరు మా లెక్కలో చింతచెట్టుతో సమానం.

పని చేయించే సూపర్‌వైజరు మంచి కుర్రాడు. లాగుడు పని జరిగేటప్పుడు లైను కిందికి రావద్దని వచ్చి మరీ చెప్పాడు. మేము విన్నాం. కల్లాన్ని లైను కింద నుంచి పక్కకి జరుపుకున్నాం. కానీ మా బుర్రకి లైను కింద అంటే తీగలు పోయే దారి. టవరు కాలు పక్కన ఉంది కదా, అది లైను కింద కాదనుకున్నాం. అందరం అలాగే అనుకున్నాం. చదువుకున్న మా శ్రీను కూడా.

అందుకే మా కోడలు సునీత, అంటే లాస్య వాళ్ళమ్మ, చంటోడి ఉయ్యాల అక్కడ కట్టింది. పొలానికి పిల్లల్ని తెచ్చుకునే ఆడవాళ్ళంతా ఏ కొమ్మకో పాత చీర కట్టి ఉయ్యాల వేస్తారు. మా కల్లం దగ్గర కొమ్మ లేదు. టవరు కాలికి అడ్డంగా ఉన్న ఇనప బద్దకి చీర కట్టింది. గాలి బాగా ఆడుతుంది, నీడ పడుతుంది. లాస్య తమ్ముడు చరణ్‌కి అప్పటికి ఇంకా పాకడం రాలేదు. అందులో వేస్తే హాయిగా నిద్రపోయేవాడు.

ఆ రోజు సంగతి చెప్తాను. లాస్య బళ్ళో ఉంది, శ్రీను ఎండిన కాయలు టిక్కీలు, అంటే మూటలు, కట్టే గోతాలు తేవడానికి గుంటూరు పోయాడు. కల్లంలో నేను, సునీత, మస్తాన్‌బీ, ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు. ఎండ ఎలా ఉందంటే కాయ పట్టుకుంటే గలగలమంటోంది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. గాలి పొడిగా, పెదాలు పగిలేలా వీస్తోంది.

మా టవరు చేతికి పెద్ద ఇనప కప్పీ వేలాడుతోంది. బావి గిలక లాంటిదే, కాకపోతే ఎత్తాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి. కొత్త తీగ లాగడానికి ముందుగా ఒక తాడు అందులోంచి పోనిచ్చారు. తాడు లాగే ఇంజను అవతలి టవరు దగ్గర ఉంది. పొద్దున కొంతసేపు ఆడించి, భోజనాల వేళకి ఆపేశారు. బెంగాల్ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ ఇంజను పక్కనే గుడారం నీడన అన్నాలకి కూర్చున్నారు. ఇంజను ఆగి ఉంది. తాడు వదులుగా కిందికి వేలాడుతోంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తాను.

మేము కూడా అన్నాలకి లేవబోతున్నాం. అప్పుడు వినబడింది.

మొదట చిటపట. ఆ తర్వాత సన్నగా, ఎడతెగకుండా. ఏ మాత్రం తేడా లేదు. తీగ కాగుతోంది.

నేను ఆలోచించలేదు. ఎవరూ ఆలోచించలేదు. చేతులు లేచిపోయాయి. నేను పట్టా అంచు పట్టుకున్నాను, మస్తాన్‌బీ అటు అంచు పట్టుకుంది. సునీత పరుగున పోయి ఉయ్యాల్లోంచి చంటోణ్ణి తీసి భుజాన వేసుకుని షెడ్డులో దింపింది. మిగతా వాళ్ళు పారలతో కాయల్ని కుప్పకి తోస్తున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వదిన ఉన్న రోజుల్లో ఎలా చేశామో అలాగే, అదే వరసలో.

కుప్ప మీద పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడుతున్నాం. మస్తాన్‌బీ నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడి పైకి చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

"అక్కా, తీగ ఏది?" అంది.

అందరం తలెత్తాం. టవరు, దానికి కప్పీ, వదులు తాడు, పైన తెల్లటి ఎండ. తీగ లేదు. చప్పుడు మాత్రం ఉంది. తీగ ఉండాల్సిన ఎత్తులో, అది పోయే దారి పొడవునా. మేము చూస్తుండగా ఇంకాస్తసేపు ఉండి, పొయ్యి కట్టేసినట్టు ఠక్కున ఆగిపోయింది.

ముఠాలో చిన్నపిల్ల ఒకతె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి మిగతావాళ్ళూ నవ్వారు, కానీ ఎవరూ టవరు వైపు వీపు పెట్టలేదు. సునీతకి మాత్రం ఒళ్ళు మండింది. కప్పిన కాయలు మళ్ళీ విప్పి ఆరబోయాలి, ఉత్త పుణ్యానికి రెండు పనులు. ఎండకి మన బుర్రలు కాగుతున్నాయి, తీగ కాదు అంది. చంటోణ్ణి మళ్ళీ ఉయ్యాల్లో వేస్తానని షెడ్డులోకి పోయింది.

  చప్పుడు వినబడితే వాన రావాలి. వాన లేదు. మరి ఏం రావాలి? ఆ ప్రశ్న ఒక్కటే తిరుగుతోంది నా తలలో. కాసేపు వాణ్ణి షెడ్డులోనే ఉంచవే అన్నాను.

అదేం మాట అత్తయ్యా అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. చైత్ర మాసంలో రేకుల షెడ్డు అంటే పెనమే. వాడు చెమటతో తడిసిపోయి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బయట టవరు నీడన చల్లటి గాలి. ఏ తల్లి ఊరుకుంటుంది? నా దగ్గర చెప్పడానికి కారణం కూడా లేదు. తీగల్లేని టవరు నుంచి చప్పుడు వచ్చింది, అందుకని పిల్లాణ్ణి ఉడకబెట్టు అని ఏ నోటితో చెప్పను?

అన్నం తిని పోదువులే అన్నాను. వాడు పడుకుంటేనే నేను తినేది అంది. నేను ఎత్తుకుంటాను ఇటివ్వు అన్నాను. నా చేతుల్లోకి వచ్చి వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. విసురుగా లాక్కుంది. కోడలు నా మీద ఎప్పుడూ అలా విసురు చూపించలేదు. ఆడవాళ్ళంతా డబ్బాల మూతలు తీసుకుంటున్నారు, అత్తాకోడళ్ళ గొడవలో తల దూర్చకూడదన్నట్టు.

అవతల ఇంజను స్టార్టయింది. వాళ్ళ భోజనాలు అయిపోయాయి.

సునీత చంటోణ్ణి భుజాన వేసుకుని టవరు వైపు నడిచింది. పెద్ద దూరం కాదు. నేను షెడ్డు గడపలో నిలబడి చూస్తున్నాను. నా చేతులు పట్టా పట్టుకున్నప్పటిలాగే బిగుసుకుని ఉన్నాయి. పైన తాడు మెల్లగా బిగుస్తూ లేచింది. ఆమె సగం దూరం పోయింది. ఏదో ఒకటి చెప్పి ఆపాలి.

"సునీతా, వాడి గొంతు ఆరిపోయింది. ఒక్క చుక్క నీళ్ళు పోసి పో" అన్నాను.

వాడి ఏడుపు నిజంగానే బొంగురుపోయింది. ఆమె ఆగింది. నా వైపు తిరిగింది. చాలా కోపంగా చూసింది. గొంతు మాత్రం తగ్గించి, ఉగ్గు గిన్నె ఎక్కడ పెట్టారు అని అడిగింది.

అప్పుడు పడింది కప్పీ.

ముందు పైన ఇనుము విరిగిన శబ్దం, ఆ తర్వాత నేల అదిరింది. తాడు ఎక్కడో తట్టుకుని పక్కకి లాగేసిందట, కప్పీ తగిలించిన కొక్కెం ఊడిపోయిందట. అవన్నీ తర్వాత చెప్పారు. మాకు కనబడింది ఏంటంటే, ఉయ్యాల లేదు. ఉయ్యాల ఉన్నచోట దుమ్ము లేస్తోంది. దుమ్ము తగ్గాక చూస్తే కప్పీ నేలలోకి సగం దిగి ఉంది, దాని కింద చీర. ఒక కొస మాత్రం ఇనప బద్దకి కట్టింది కట్టినట్టే ఉంది.

సునీత నిలబడిన చోటే కూర్చుండిపోయింది. చంటోడు ఠక్కున ఏడుపు ఆపి ఆ దుమ్ము వైపు చూస్తున్నాడు. నేను వెళ్ళి ఇద్దరినీ పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో నాకు తెలియదు.

కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సూపర్‌వైజరు ఆ చీర చూశాడు. ఎవరమ్మా, ఎవరున్నారు అందులో అని అడిగాడు. ఎవరూ లేరు నాయనా అన్నాను. అతను అక్కడే, ఆ మట్టిలోనే తల పట్టుకుని కూర్చున్నాడు. సునీతే లేచి అతనికి మంచినీళ్ళు ఇచ్చింది, చంటోడి కోసం అడిగిన నీళ్ళు.

కొంచెం తేరుకున్నాక నేను అతన్ని అడిగాను, తాడుకి అలాంటి చప్పుడు వస్తుందా అని. ఎలాంటి చప్పుడో నోటితో చేసి చూపించాను. తాడు బాగా బిగిస్తే మోగుతుంది అమ్మా అన్నాడు. కానీ మాకు వినబడినప్పుడు ఇంజను ఆగి ఉంది, తాడు వేలాడుతోంది, మీరంతా అన్నాలు తింటున్నారు అన్నాను. అతను ఇంజను కుర్రాణ్ణి పిలిచి అడిగాడు. అవును, ఆగే ఉంది. వాళ్ళకి చప్పుడేదీ వినబడలేదు.

నేను చేసి చూపించిన చప్పుడు అతను గుర్తుపట్టాడు. కరెంటు నిండుగా ఉన్న తీగ మీద చెమ్మ పడితే అలా వస్తుందట, అది మామూలేనట. అయితే కరెంటు ఉండాలి, తీగ ఉండాలి, చెమ్మ ఉండాలి అన్నాడు. ఆ రోజు మూడూ లేవు. దూరంగా ఇంకో లైను ఉంది, అందులోంచి గాలి మోసుకొచ్చిందేమో అన్నాడు. ఆ లైను వైపు నుంచి గాలి రావడం లేదు, అటువైపుకి పోతోంది. అది అతనే చెయ్యెత్తి గాలి చూసుకుని తెలుసుకున్నాడు. 

ఊళ్ళో మాత్రం తేల్చేశారు. రాజ్యమే వచ్చి లేపిందన్నారు. ఉయ్యాల చీర కూడా ఆమెదే కదా అన్నారు. ఆమెదే. మా ఇంట్లో మెత్తబడిన నూలు చీరలన్నీ ఆమెవే, అందులో వింతేముంది? నాకు ఆమె కనబడలేదు, ఆమె గొంతు వినబడలేదు. వినబడింది తీగ చప్పుడు. నేను అంతవరకే చెప్తాను.

ఎండలో అలసిపోయి భ్రమపడ్డామని శ్రీను అంటాడు. ఒక్క మనిషి భ్రమపడితే అర్థముంది. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారే లేచి, ఒకటే పని చేశాం. మస్తాన్‌బీని ఈ రోజు అడిగినా అదే చెప్తుంది, అదీ పైకి వేలు చూపించి మరీ. ఒక్క సునీత మాత్రం తనకేమీ వినబడలేదంటుంది. అందరూ పరిగెత్తారు కాబట్టి నేనూ పరిగెత్తాను అంటుంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఇక అడగడం మానేశాను.

కొత్త తీగలు పడ్డాయి. కరెంటు ఇచ్చారు. కోల్డ్ స్టోరేజీలకి కరెంటు కోతలు తగ్గాయని శ్రీను చెప్తాడు, మా ఇంట్లో ఫ్యాను కూడా ఇప్పుడు సాయంత్రాలు నీరసంగా తిరగడం లేదు. మంచిదే. కానీ కొత్త తీగ చప్పుడు వేరు. ఎండైనా వానైనా ఒకటే మోత, బండి ఇంజనులాగా. దాన్ని విని చెమ్మ వచ్చిందో లేదో నేను చెప్పలేను. ఆ విద్య అయిపోయింది. కల్లం కూడా ఊరి పక్కకి, మా పెరటి వెనక్కి మార్చుకున్నాం. టవరు ఇక్కడికి కనబడుతుంది, కాకపోతే దూరం.

దానికి తోడు నా చెవులు మందగించాయి. గుంటూరు తీసుకుపోయి చెవిలో మిషన్ పెట్టించారు. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు కూడా గుండెల్లో గుచ్చుకుంటుంది. అందుకని మధ్యాహ్నం పూట తీసి డబ్బాలో పెట్టేస్తాను. అది తీస్తే పక్కనే నిలబడి పిలిచినా నాకు వినబడదు. లాస్యకి తెలుసు, రోజూ అరుస్తూనే ఉంటుంది.

అసలు ఇదంతా ఇప్పుడు ఎందుకు రాయిస్తున్నానంటే, మొన్న జరిగిన దాని వల్ల.

లాస్య బళ్ళో ఉంది. మిట్టమధ్యాహ్నం. అప్పటి చంటోడు చరణ్ ఇప్పుడు నాలుగేళ్ళవాడు, పెరట్లో సైకిలు తొక్కుకుంటున్నాడు. నేను వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్నాను. మిషన్ డబ్బాలోనే ఉంది, నా ఒళ్ళోనే ఉంది ఆ డబ్బా. లోకమంతా మూత పెట్టినట్టు ఉంది.

అందులో వినబడింది. చిటపట. తర్వాత సన్నగా, ఎడతెగకుండా. కొత్త తీగ మోత కాదు. పాతది.

నేను లేవబోయాను. మోకాళ్ళు సహకరించలేదు, గోడ పట్టుకుని లేస్తున్నాను. వాణ్ణి పిలవాలని నోరు తెరిచాను, ఇంకా పిలవలేదు. అప్పటికే సునీత వంటింట్లోంచి వచ్చేసింది. చేతుల నిండా పిండి. నన్ను దాటుకుని పెరట్లోకి పరిగెత్తి, సైకిలు మీద ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఎత్తి చంకనేసుకుని లోపలికి వచ్చి, తలుపు వేసి గడియ పెట్టింది. కిటికీలోంచి చూస్తే సైకిలు బయట పడిపోయి ఉంది, చక్రం తిరుగుతోంది. వాడి చొక్కా నిండా పిండి వేళ్ళ గుర్తులు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా ఒళ్ళోంచి జారి కింద పడిన మిషన్ డబ్బా వైపు చూసింది. వంగి తీసి నా చేతిలో పెట్టింది. 

సాయంత్రం దాకా లోపలే కూర్చున్నాం ముగ్గురం. వాడు మారాం చేస్తే కథలు చెప్పాను. పెరట్లో ఏమీ పడలేదు. పాము రాలేదు, గోడ కూలలేదు. కాయలు ఎండలో అలాగే ఎండుతున్నాయి. ఏమీ జరగలేదు. లేకపోతే, మేము లోపల ఉన్నాం కాబట్టి జరగలేదు. ఆ రెండిట్లో ఏదో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియక నిద్ర పట్టడం లేదు.

అమ్మని పిలిచి అడిగి రాయనా అంటోంది లాస్య. వద్దమ్మా. మీ అమ్మ వంటింట్లోనే ఉంది, నేను చెప్పేదంతా వింటూనే ఉంటుంది. ఈ రోజు మిషన్ పెట్టుకున్నాను. అయినా ఇంతసేపటి నుంచీ అటు నుంచి గిన్నె చప్పుడు ఒక్కటి కూడా రాలేదు.